దున్నని మూల

నా మొక్కల నోటుబుక్కులో అన్నీ ఉంటాయి. ఏ కుండీలో ఏ విత్తనం వేశాను, ఎన్నాళ్ళకు మొలిచింది, పేనుబంక ఎప్పుడు పట్టింది, వేపనూనె కొట్టాక తగ్గిందా లేదా. పాప పడుకున్నాక వంటింటి లైటు ఒక్కటే ఉంచుకుని రాస్తాను. మధ్యలో లేచి వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తాను. పద్నాలుగు నెలల పిల్లకు అది అక్కర్లేదని నాకు తెలుసు. డిగ్రీలో బోటనీ చదివినదాన్ని. అయినా లేస్తాను.

మొదటి పేజీకి మాత్రం తేదీ లేదు. 'బంతి గింజలు, రెండు కుండీలు' అని ఉంది, అంతే. ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో వచ్చిన కొద్దిరోజులకు రాసిన మాట అది. ఎనిమిదో నెలలో పుట్టిన నా మొదటి బిడ్డ ఏడవలేదు. బాబు అని చెప్పారు. తువ్వాలులో చుట్టిన మూటను పక్కనుంచి చూశాను. మా ఆయన అప్పటికింకా హైదరాబాదు నుంచి దారిలోనే ఉన్నారు. మా నాన్నే ఆ మూటను ఎత్తుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు.

అంత చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. ఎక్కడ పూడ్చారో తల్లికి చెప్పరు. చెబితే ఆమె మనసు అక్కడే తిరుగుతుందని, తర్వాతి కాన్పు నిలవదని మా ఇంట్లో నమ్మకం. వాడు ఎక్కడున్నాడో తెలిస్తే చాలునని ఉండేది. కానీ అడగలేదు. తర్వాత పాప కడుపులో పడింది. ఇక అడగాలంటేనే భయం వేసింది.

ఆ రోజుల్లో ఖాళీ చేతులతో కూర్చోలేకపోయేదాన్ని. మట్టిలో పెడితే మనసు కాస్త నిలిచేది. అలా రెండు కుండీలు పదకొండయ్యాయి. ఖమ్మం ఖానాపురం హవేలిలో మాది కిరాయి ఇల్లు, పై వాటా. ముందున్న డాబా సగం కుండీలదే. వాటి మధ్య బట్టలు ఆరేయడం మా అత్తమ్మకు రోజూ ఒక తగాదా.

"మీ నాయిన ఎకరాలల్ల పండించేది నువ్వు బకెట్లల్ల పండిస్తున్నవ్. కాయలు ఎక్కువైతే చెప్పు, ఆటోల ఏస్కొని మార్కెట్ యార్డుకు పోదాం."

"మూడు కాసినయ్ అత్తమ్మా."

"మరి జల్దీ పోవాలె. రేటు పడిపోతది."

మొన్న ఎండాకాలం చివర టేకులపల్లి దగ్గర మా ఊరికి వెళ్ళాను. నాన్న మెట్ట చేను, చెలక అంటాం, అడవిని ఆనుకుని ఉంటుంది. పత్తి, మిరప వేస్తాడు. జానెడు నేల వదిలే మనిషి కాదు, గట్ల మీద కూడా కంది పెడతాడు. అలాంటిది అడవివైపు మూలలో మంచమంత జాగా దున్నకుండా ఉంది. మీద తుమ్మకంప. చుట్టూ తంగేడు మొలిచి ఉంది. పక్కన టేకు ఆకులు రాలి, కుళ్ళి, మట్టి నల్లగా పొడిపొడిగా కనిపించింది.

పశువులు తొక్కకుండా కంప వేశాడేమో అనుకున్నాను. నాకు కనిపించిందల్లా మట్టే. కుండీలు పెంచేవాళ్ళకు అలాంటి మట్టి దొరికితే ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను. నాన్న మోటారు బాగు చేయించడానికి వెళ్ళాడు. కంప పక్కకు లాగి, చిన్న పారతో పైపైన గీకి, యూరియా సంచిలో సగానికి నింపుకున్నాను. చెయ్యి పెడితే చల్లగా ఉంది. చాలా రోజుల తర్వాత సంతోషం వేసింది.

ఖమ్మం తెచ్చి, డాబా మీద కుప్ప పోసి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి పదకొండు కుండీలకూ సర్దాను. చిక్కుడు పెట్టాను. 'చెలక మూల మట్టి. చాలా మంచిది' అని ఆ రోజు పేజీలో ఉంది. కింద గీత కూడా గీశాను.

చిక్కుడు రెండాకులు వేసిన రోజుల్లో ఒక పొద్దున పాప కుండీ పక్కన కూర్చుని గుప్పెడు మట్టి నోట్లో పెట్టుకుంది. వేలు పెట్టి తీశాను, నీళ్ళు పోసి కడిగాను. ఆ చేలో ఏ పురుగుమందు పడిందోనని వెంటనే నాన్నకు ఫోన్ చేశాను.

"అడవి దిక్కు మూలకు మందేమన్న కొట్టినవా నాయినా?"

"ఏ మూల?"

"నువ్వు దున్నకుండ ఇడిసిపెట్టినవ్ గదా, కంప ఏసి. ఆడి మట్టి తెచ్చిన. పాప నోట్ల పెట్టుకున్నది."

అవతల మోటారు చప్పుడు వినిపిస్తోంది. నాన్న దాన్ని ఆపేశాడు.

"కంప తీసింది నువ్వా? అడవిపందులు అనుకున్న. ఎంత లోతు తవ్వినవ్ బిడ్డా?"

అప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పలేదు, ఆ ఒక్క ప్రశ్నతోనే తెలిసింది.

"జానెడు."

"జానెడేనా?"

"జానెడే నాయినా."

"సరే. మందేం కొట్టలే. పాపకు ఏంగాదు."

మధ్యాహ్నానికి దిగాడు, చంకలో ఖాళీ సంచి మడిచి పెట్టుకుని. అత్తమ్మ ఇచ్చిన నీళ్ళు పక్కన పెట్టి కుండీల దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"మట్టి తీస్కపోదామని వచ్చిన. దేంట్ల పోసినవ్?"

"అన్నిట్ల కలిపిన."

నారుమడి చూసినట్టే ఒక కుండీలో వేలు గుచ్చి, చిదిమి, వాసన చూశాడు. చిక్కుడు మొలకను పక్కకు వంచి వదిలాడు.

"మొలిచింది గదా. ఇగ ఏం తీస్తం."

"మొగం చూసినవా నాయినా?" అన్నాను. రెండేళ్ళకు పైగా నా నోట్లో ఉన్న ప్రశ్న అది.

"చూసిన. నీ లెక్కనే ఉండె. నుదురు పెద్దది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఆడికి పోతవని." సంచిని మళ్ళీ మడతలు పెట్టాడు. "చెప్పకున్నా పోయినవ్."

అత్తమ్మ తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి నా కుండీల మీద ఆమె ఒక్క జోకు వేయలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

చిక్కుడు కాసింది. ఇంట్లో ఎవరమూ కోయలేదు. తీగ మీదే ఎండిపోయింది. ఎండిన తీగ పీకేసి అత్తమ్మ ఒక కుండీ మట్టిని మోరీ కాలువలో పారబోయడానికి ఎత్తింది, నేను చూసేసరికి తనే ఆగి కింద పెట్టింది. ఈ డాబా నుంచి ఇప్పుడు పిడికెడు మట్టి బయటకు పోదు. ఒక కుండీ పగిలితే ఇంకో కుండీలోకి ఎత్తుతాను. వాన పడితే జారిన మట్టిని అట్టముక్కతో కూడదీస్తాను.

నాన్న ఆ మూల మీద మళ్ళీ కంప వేశాడు. ఈసారి వెళ్ళినప్పుడు చూశాను. దగ్గరికి వెళ్ళలేదు, గట్టు మీదే నిలబడ్డాను.

పాప ఇంకా మట్టి తింటుంది. డాక్టరు ఐరన్ చుక్కలు రాశాడు, వేస్తున్నాను. నోట్లో వేలు పెట్టి తీస్తూనే ఉన్నాను. తీసింది మాత్రం కడిగేయను, మళ్ళీ కుండీలోనే వేస్తాను. పాప ఊపిరి చూసి వచ్చేటప్పుడు డాబా తలుపు తీసి కుండీల వైపు కూడా ఒకసారి చూస్తున్నాను. ఏం చూడాలో తెలియదు. చూడకపోతే ఒకరిని వదిలేసినట్టు ఉంటుంది.

ఈ రోజు మొదటి పేజీ తీసి, బంతి గింజల పైన వాడు పుట్టిన తేదీ వేశాను.