లైను లారీ, అడుగుకు అంగుళం

మా ఇంట్లో బీరువా మీద ఒక లారీ ఉంది. మూర కంటే కాస్త ఎక్కువ పొడవు. ఇంటికొచ్చిన పిల్లలు దాన్ని చూసి చేయి చాపుతారు, నేను కసురుకుంటాను. "బొమ్మే గదవ్వా, కాసేపు ఇస్తే ఏం పోతాది" అని వాళ్ల తల్లులు మూతి ముడుచుకుంటారు. ముడుచుకోనీ. అది ఆడుకోవడానికి చేసింది కాదు. మా ఆయన తన ఉద్యోగం నిలబెట్టుకోవడానికి చేసుకున్నది. ఉద్యోగం నిలబడలేదు, లారీ మాత్రం నిలబడింది. దాని వెనక ఉన్న మాట ఇన్నేండ్లూ నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాట వినకూడని మనిషి ఒకామె ఉండేది. పోయిన ఎండాకాలం ఆమె కూడా పోయింది. మా ఆయన అంతకు ముందే పోయాడు. ఇక చెబితే నొచ్చుకునేవాళ్లు లేరు.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల్లో మేము ప్రొద్దుటూరులో ఉండేవాళ్లం. ఊళ్లో అంగళ్లకూ నూనె మిల్లులకూ కరెంటు ఉండేది. చుట్టుపక్కల పల్లెలకు అప్పుడప్పుడే స్తంభాలు నాటుతున్నారు. మా ఆయన కరెంటాఫీసులో లైను లారీ డ్రైవరు. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వదిలించుకున్న పాత లారీ అది. వెనక తొట్టిలో తీగచుట్టలు, స్తంభం మీద తీగలను ఆనించే పింగాణీ కప్పులు, మధ్యలో ఎత్తి నిలబెట్టే పెద్ద నిచ్చెన. స్తంభం పక్కన లారీ ఆపి నిచ్చెన దానికి ఆనిస్తే, లైన్‌మ్యాన్ ఎక్కి తీగ బిగించేవాడు. కింద లారీ కదిలితే పైన ఉన్న మనిషి గతి ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ఆ లారీ హ్యాండుబ్రేకు మంచిది కాదు. లీవరును పట్టి నిలిపే పండ్లపట్టీ అరిగిపోయింది. ఎంత గుంజి పెట్టినా కాసేపటికి టక్కుమని జారేది. గేరులో వేసి పెట్టినా వాలులో నమ్మడానికి లేదు. మా ఆయన ఆఫీసులో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, చివరికి తుమ్మకర్రతో రెండు అడ్డుచెక్కలు చెక్కించుకున్నాడు. వెనక చక్రాల కింద వాటిని తోస్తే బండి ఇక జరగదు. వాటికి ఇనుప రింగులు వేయించి, డ్రైవరు తలుపు పక్కన కొక్కేలకు తగిలించేవాడు. లారీ ఎక్కడ ఆగినా ఆయన చేసే మొదటి పని ఆ చెక్కలు తీయడమే.

లైన్‌మ్యాన్‌ది మా పక్కిల్లే. ఇద్దరికీ ఒకే గోడ, ఒకే బావి. అతని భార్య మా ఆయనను అన్నా అని పిలిచేది. ఆ లెక్కన అతను మా ఆయనకు బావ, నేను ఆమెకు వదిన. రక్తసంబంధం లేదు, కులాలు కూడా వేరే. కానీ నాకు జ్వరమొస్తే మా పొయ్యి మీద సంగటి కెలికేది ఆమే. మొగుడు స్తంభాలెక్కుతాడని ఆమెకు ఎప్పుడూ గుండె దడే. సాయంత్రం లారీ చప్పుడు వినబడేదాకా వాకిట్లోనే తిరిగేది. "యాడికీ పోడులే నీ మొగుడు, మా ఆయన వదిలితే గదా" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ ఏడు దసరాకు ఆఫీసు ఆవరణలో ఆయుధపూజ చేశారు. మేమిద్దరం కూడా పోయాం. లారీని కడిగి పసుపు రాసి, ముందర గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అందరూ బండికి బొట్లు పెడుతుంటే ఆమె మాత్రం ఆ తుమ్మచెక్కల దగ్గరికి పోయింది. రెండింటికీ పసుపు పూసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి దండం పెట్టింది. "అన్నా, మీకందరికీ బండి దేవుడు. నాకు ఈ చెక్కలే దేవుడు. మా ఆయన పానం వీటి మీదనే ఉండాది" అంది. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "ఉండనీలేమ్మా, నేను సూసుకుంటా" అన్నాడు.

మరుసటి పొద్దు లారీ పెద్దముడియం వైపు పోయింది. మధ్యాహ్నానికల్లా జమ్మలమడుగు నుంచి కబురొచ్చింది. లారీ వాలులో వెనక్కి జారింది, నిచ్చెన స్తంభం మీది నుంచి తప్పింది, లైన్‌మ్యాన్ నాపరాళ్ల మీద పడ్డాడు. మా ఆయనే అతన్ని అదే లారీలో వేసుకొని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అతను దోవలోనే పోయాడట. నేను కబురు విని పక్కింట్లోకి పోయేసరికి ఆమె జొన్నలు చెరుగుతోంది. ఏమని చెప్పానో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. చాట కింద పడిన చప్పుడే గుర్తుంది.

మా ఆయనను సస్పెండు చేశారు. బ్రేకు పట్టలేదు, చక్రం కింద పెట్టిన రాయి జారింది, ఇంతే ఆయన ఎవరికైనా చెప్పింది. ఎంక్వైరీ జరుగుతుందన్నారు. ఈలోగా ఆ లారీని పులివెందుల ఆఫీసుకు పంపేశారు. ఆయన బస్సెక్కి అక్కడికి పోయి చూస్తే బ్రేకుకు కొత్త పట్టీ బిగించి ఉంది. పాతది ఏమైందని అడిగితే ఎవరికీ తెలియదు. బండిని లింగాల లైను పనికి తోలుతున్నారట. అరిగిన పండ్లు చూపించి బతుకుదామనుకున్న మనిషికి చూపించడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు తట్టింది ఆయనకు, ఆ లారీని తానే చేసి చూపించాలని. మళ్లీ పులివెందులకు పోయి, కావలి మనిషిని బతిమాలి, పురికొసతో లారీ పొడవు, వెడల్పు, నిచ్చెన ఎత్తు, ఇరుసుల ఎడం, అన్నీ కొలిచి ముడులు వేసుకొచ్చాడు. అడుగుకు అంగుళం లెక్క. మా వీధిలో డబ్బాలకు మాట్లు వేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర కూర్చొని కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి ముందుభాగం చేయించుకున్నాడు. తొట్టికి పాత ద్వారబంధం టేకు, నిచ్చెనకు వెదురు పుల్లలు, తీగచుట్టలకు నా కుట్టుదారం కండెలు. తెగిన చెప్పుల రబ్బరు చెక్కి టైర్లు చేశాడు. టార్పాలిను నేనే కుట్టి ఇచ్చాను.

ఇచ్చానే గానీ, నోరు మూసుకొని ఇవ్వలేదు. ఇంట్లో జొన్నపిండి తడుముకుంటుంటే ఈయన లారీకి అద్దాలు తుడిచే పుల్ల వంపు సరిగా రాలేదని మూడోసారి వంచుతున్నాడు. "దానికి అద్దం తుడిస్తే వానొస్తాదా? ఆఫీసరు పుల్లను సూస్తాడా, బ్రేకును సూస్తాడా?" అని అరిచాను. "ఒకటి తప్పుంటే అన్నీ తప్పంటారు" అన్నాడు తలెత్తకుండా. ఆ పని చేస్తున్నంతసేపే ఆయన మనిషిలా ఉండేవాడు. చేయి ఆపితే గోడ వైపు చూసేవాడు. గోడకు అవతల ఆమె ఏడుపు వినబడేది.

చివర్లో బ్రేకు చేశాడు. ఇత్తడి ముక్కకు సన్న ఆకురాయితో పండ్లు కోసి, అసలుదాని లాగే అరగదీశాడు. తొట్టిలో గులకరాళ్లు నింపి, ఏటవాలు పలక మీద బండి పెట్టి, చిన్న లీవరు గుంజి వదిలాడు. బండి కాసేపు నిలబడింది. తర్వాత టక్కుమంది, వెనక్కి జారింది, నిచ్చెన పక్కకు వాలింది. ఆయన లేచి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. నేను పోయి బండిని చేత్తో పట్టుకునేదాకా ఆయన ఆపలేదు.

అంతా అయ్యాక వేలి గోరంత తుమ్మచెక్కలు రెండు చెక్కి తలుపు పక్కన తగిలించాడు. "కుంకుమ భరిణె ఇయ్యి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "పిచ్చి పట్టిందా నీకు? ముందు నాకు ఒకటి చెప్పు. ఆ పొద్దు ఈ చెక్కలు ఏమైపాయ? రాయి ఎందుకు పెడ్తివి?" అని నిలదీశాను.

ఆ చిన్న చెక్కను కొక్కెం నుంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. లారీ ఆపి చెక్కలు తీశాడట. ముందు రోజు ఆమె పెట్టిన బొట్లు తడి ఆరి మెరుస్తున్నాయట. ముత్తైదువ పెట్టిన కుంకుమను చక్రం కింద వేసి మట్టిలో తొక్కించడానికి ఆయనకు చేయి రాలేదు. తొట్టిలో నిలబడ్డ లైన్‌మ్యాన్ కూడా చూసి, "వద్దులే బావా, నా పెండ్లాం పెట్టిన బొట్టు. అది నలిగితే నాకే మంచిది గాదు. నిమిషం పనే, ఆ నాపరాయి పెట్టు" అన్నాడట. నున్నటి నాపరాయి. బండి బరువుకు అది కూడా చక్రంతో పాటే జారింది.

 అది విన్నాక నాకొచ్చిన మొదటి ఆలోచన మా గురించే. "ఇదే చెప్పు. ఆఫీసరు మాత్రం దేవునికి దండం పెట్టడా? మరుపు కాదు, నిర్లక్ష్యం కాదు. విని వదిలేస్తాడు" అన్నాను.

"ఆఫీసరు వదిలేస్తాడేమో. ఆయమ్మకు తెలుస్తాది" అన్నాడు. "మొగుడు బతకాలని పెట్టిన బొట్టే వాన్ని సంపిందని తెలిసినాక ఆయమ్మ బతుకుతాదా?"  బ్రేకు చూపిస్తే చాలు, చెక్కల దాకా రాదు అని ఆయన ధైర్యం. మరి ఆ చెక్కలు చేయకుండా వదిలేయొచ్చు కదా? ఉన్నదాన్ని లేదని చూపడం ఆయనకు చేతకాదు. ఈ విషయంలో నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోదు కూడా. ఆయన ఆ చిన్న చెక్కలకు కూడా బొట్టు పెట్టాడు.

ఎంక్వైరీ జమ్మలమడుగులో పెట్టారు. బయలుదేరే ముందు ఆమెను కూడా పిలిపించారని తెలిసింది. ఆయన గబగబా తడిగుడ్డతో చెక్కల మీది కుంకుమ తుడిచాడు. బస్సులో బండిని పాత చీరలో చుట్టి నేనే ఒళ్లో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా నిచ్చెన విరుగుతుందేమోనని నా ప్రాణం గుప్పిట్లో ఉండేది.

ఆఫీసరు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఆమె తన పుట్టింటివాళ్లతో గదిలో ఒక మూల కూర్చుంది. బోడి నుదురుతో ఆమెను చూడలేక నేను కిటికీ వైపు చూశాను. మా ఆయన పలక వాలుగా పెట్టి, బ్రేకు గుంజి, బండి జారడం చూపించాడు. ఆఫీసరు వంగి ముచ్చటగా చూశాడు, తనే రెండుసార్లు చేసి చూశాడు. "పనితనం బాగుంది. కానీ నువ్వు చేసిన బండి నువ్వు చెప్పినట్టే వింటుంది గదయ్యా" అన్నాడు.

అంతటితో వదిలినా బాగుండేది. తలుపు పక్కన వేలాడుతున్న చెక్కను వేలితో కదిపాడు. "ఇవేమిటి?"

"చక్రాల కింద పెట్టే చెక్కలు సార్."

"బ్రేకు ఇంత అన్యాయంగా ఉందని నీకు తెలుసు. అందుకే చెక్కలు కూడా చేయించుకున్నావు. మరి ఆ రోజు వీటిని వదిలి రాయి ఎందుకు పెట్టావు?"

 నేను నోరు తెరిచాను. మా ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ చూపుకే నా నోరు పడిపోయింది.

"మర్చిపోయినా సార్. చేతికి రాయి దొరికితే పెట్టేస్తి" అన్నాడు.

ఆ ఒక్క మాటతో మా బతుకు తెల్లారిపోయింది. ఉద్యోగం తీసేస్తూ కాగితం తర్వాత వచ్చింది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. శనక్కాయల మిల్లులో బస్తాలు మోసి, నడుము విరిగేదాకా అదే పని చేశాడు. మేము ఆ ఇల్లు కూడా ఖాళీ చేశాం. ఆమె బావి దగ్గర నన్ను చూస్తే చేద వదిలేసి లోపలికి పోయేది, ఇంక మేం ఎట్లా ఉండేది అక్కడ?

కానీ నా గుండెల్లో దిగబడిపోయింది ఇవేవీ కాదు. ఆ రోజు మేము వరండాలోకి వచ్చాక ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను, దుమ్మెత్తి పోస్తుందనుకున్నాను. ఆమె అట్లాంటిదేమీ చేయలేదు. అర్థం కానిదాన్ని అడిగినట్టు అడిగింది.

"ఎట్ల మర్చిపోయినావన్నా? నువ్వు మర్చిపోగూడదనే గదన్నా, నేను వాటికి బొట్టు పెట్టింది."

మా ఆయన తల వంచుకున్నాడు. "మర్చిపోయినామ్మా" అన్నాడు.

ఆమె నా చేతుల్లోని లారీని చూసింది. చేయి చాపి, తలుపు పక్కన వేలాడే చెక్కను వేళ్లతో పట్టుకుంది.  ఆయన తుడిచాడు గానీ, తుమ్మకర్ర పీచుల్లో కుంకుమ ఎరుపు ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఆమె కండ్ల నిండా నీళ్లు. ఆమెకు కనబడలేదు.