పాదం మోపలేని జంపఖానా

మట్టెవాడలో మా వాడ జంపఖానాల కార్ఖానా చుట్టూ పుట్టింది. ముందు మగ్గాల షెడ్డు, పక్కన నూలుకు రంగులద్దే బట్టీ, తర్వాత నేతవాళ్ల ఇళ్లు, చివరికి మా భజన మందిరం. మోరీలో పారే నీళ్లను చూసి ఆ రోజు ఏ రంగు అద్దుతున్నారో చెప్పేవాళ్లం. నైజాం కాలం. మావాళ్లు నేసినవి నవాబుల దేవిడీల్లో పరిచేవారు. మందిరంలో మాత్రం ఈతచాపలే.

ఒక ఏడు అమ్మకు విషజ్వరం వచ్చింది. ఆమె బతికితే మందిరానికి జంపఖానా నేసిస్తానని నాయిన రాముడికి మొక్కుకున్నాడు. అమ్మ లేచింది. యజమానిని అడిగి, పెద్ద మగ్గం మీద పెద్దనాయినను పక్కన కూర్చోబెట్టుకుని నాయిన నేశాడు. నీలం మీద తెల్ల చారలు. అంతటితో ఊరుకోక, నడుమ ఎర్ర నూలుతో 'శ్రీరామ' అని నేశాడు.

శనివారం దాన్ని మందిరంలో పరిచాడు. భజనకు వచ్చినవాళ్లంతా గడపలోనే ఆగిపోయారు.

"ఏందిరా ఇది? రాముని పేరు మీద కూసోమంటవా?" అన్నాడు భజన గురువు.

"సోయి లేకపాయె తాతా. నేస్తాంటె మనసంత ఆయన మీదనే ఉండె," అన్నాడు నాయిన.

నాయనమ్మ పెద్దనాయిన మీద పడింది. "పక్కన కూసున్నోనివి, నీ కండ్లు ఏడ వోయినయిరా పెద్దోడా?"

"అచ్చరాలు మంచిగ వచ్చినయని సూస్తున్ననే!"

అందరూ నవ్వారు. నాయిన నవ్వలేదు, వంగి జంపఖానా చుట్టడం మొదలుపెట్టాడు. గోడకు ఆనుకున్న అమ్మ వచ్చి రెండో కొస పట్టుకుంది.

"సుట్టకయ్యా. మొక్కు ఎనుకకు పోతే నాకు భయమైతాంది."

గురువు ఆమె ముఖం చూశాడు. దీపపు సెమ్మె తెచ్చి ఆ పేరు ముందు నిలిపాడు.

"నడుమ దేవునిది, అంచులు మనయి. కాళ్లు ముడుసుకొని కూసోండ్రి," అంటూ తానే ముందు అంచు మీద కూర్చున్నాడు.

దేవుడు అంతటా ఉన్నాడన్న ప్రహ్లాదుడు నేలను మినహాయించలేదు. ఆ మాట పురాణంలో ఎన్నోసార్లు విన్నాను. అర్థమైంది ఆ సాయంత్రమే. పెద్దలు ముందు, కూలీలు వెనుక కూర్చునే వరుసలు పోయి, అందరూ దీపం చుట్టూ చేరారు. చోటు చాలనివాళ్లు గడప బయట చాపలు వేసుకున్నారు.

నాయిన ఇంకా నిలబడే ఉన్నాడు. గురువు పక్కకు జరిగి, చేత్తో నేల తట్టి చూపించాడు. నాయిన కూర్చున్నాక తాళాలు మొదలయ్యాయి. రెండో చరణంలో, ఆడవాళ్ల వైపు నుంచి, సన్నగా అమ్మ గొంతు కలిసింది.