ఎర్ర ట్యాగ్ కట్టిన బంతులు

మా బావ కుడి మణికట్టు పూర్తిగా తిరగదు. ఆయన శక్తినగర్ థర్మల్ ప్లాంటులో బొగ్గు బెల్టుల మీద పనిచేసేవాడు. బెల్టు బాగుచేయడానికి లోపలికి దిగేముందు స్విచ్చుకు ఎర్ర ట్యాగ్ కట్టాలి. ఆ అట్టముక్క వేలాడుతున్నంతసేపు స్విచ్చును ఎవరూ ముట్టకూడదు. కట్టినవాడే వచ్చి విప్పాలి. ఒకసారి షిఫ్టు మారే వేళ ఒకడు, ఎవరో ఆ ట్యాగ్‌ను మరిచిపోయి వదిలేశారనుకుని విప్పి స్విచ్చు వేశాడు. బావ చెయ్యి అప్పటికింకా రోలరు దగ్గరే ఉంది.

చెయ్యి దక్కింది. మణికట్టుకు పని చెప్పకపోతే బిగుసుకుపోతుందని ఆసుపత్రి డాక్టరు అన్నాడు. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. తన పాత కర్ర ఒకటి బావకిచ్చి మైదానానికి తీసుకుపోయాడు. మైదానమంటే తుమ్మ ముళ్ళకంప కొట్టేసిన బీడు. గుంతల చుట్టూ పచ్చిక బదులు, వాడేసిన టర్బైన్ నూనె కలిపి తొక్కిన ఇసుక. గాలి ఇటు తిరిగిందంటే బూడిద వచ్చి నోట్లో కరకరలాడేది. ఆఫీసర్ల ఆటలోకి బావ అలా చేరాడు.

నేను రాయచూరులో మోటార్ల వైండింగ్ పని చేసేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తర్వాతిదంతా లైబ్రరీలో దొరికించుకున్నదే. ఆదివారం బస్సెక్కి శక్తినగర్‌లో అక్కావాళ్ళ క్వార్టర్సుకు పోతే, బావ వెంట మైదానానికి సంచి మోసుకుంటూ నడిచేవాణ్ణి.

కొత్త యూనిట్ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజినీరు ఒకాయన వెళ్ళిపోతూ బావ చేతిలో కొన్ని డబ్బాల బంతులు పెట్టాడు. బావ వాటిని అందరి సామాన్లలాగే క్లబ్బు అద్దాల బీరువాలో ఉంచాడు. మొదటిసారి కొట్టిన రోజు ఇంటికొచ్చి మోచెయ్యి చూపించాడు.

"అదురు ఇక్కడికి ఎక్కుతలేదు బామ్మర్దీ. తక్కిన బంతులు కొడితే బండకు కొట్టినట్టుంటది. ఇది లడ్డూ."

"లడ్డూ అయితే తినుండ్రి, కొట్టుడెందుకు?" అంది అక్క, బజ్జీలు దించుతూ.

అంత తేడా ఎందుకో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. లైబ్రరీలో ఇంగ్లీషు పత్రికలు ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని కూర్చున్నాను. ఆ బంతిలో నడుమ రబ్బరు, దాని మీద గట్టి పొర, పైన పలుచని మెత్తటి తొడుగు. చుట్టు మీద చుట్టు వేసే పని నాది కాబట్టి ఇట్టే అర్థమైంది. ఆ పొరల వరుస మీదే రెండు పెద్ద కంపెనీలు కోర్టుకెక్కాయని కూడా అక్కడే చదివాను. లోపల గట్టిది, పైన మెత్తనిది పెట్టే పద్ధతికి పేటెంటు మాదని ఒకరు. అది అంతకుముందే లోకానికి తెలిసిన సంగతి, దానికి పేటెంటే చెల్లదని ఇంకొకరు. బావ ముచ్చటపడ్డ బంతి ఆ రెండో కంపెనీది.

కొన్నాళ్ళకు ఆ బంతి అమ్మకం ఆపమని ఆ కంపెనీల దేశపు కోర్టు చెప్పింది. మా క్లబ్బు సెక్రటరీ బాయిలరు ఇంజినీరు, నెమ్మదైన మనిషి. ఆ వార్త కత్తిరించి బోర్డుకు గుచ్చాడు. ఆపైన, ప్లాంటులో పనిచేసిన మనిషికి తప్ప ఇంకెవరికీ తోచని పని చేశాడు. బీరువాలోని ఆ డబ్బాలను తాడుతో కలిపి, సంతకం చేసి, ఎర్ర ట్యాగ్ కట్టాడు.

నాకొచ్చిన కన్నడంలో ఆయనకు చెప్పి చూశాను. ఆ పేటెంటు ఆ దేశానిది, ఇక్కడ చెల్లదు. ఏ బంతితో ఆడొచ్చో చెప్పే జాబితా వేరు, అది ఆట నియమాలవాళ్ళది. ఆ జాబితాలో ఈ బంతి ఉంది. కంపెనీల తగువు ఆటగాడి తప్పు కాదు.

ఆయన శ్రద్ధగానే విన్నాడు. "బేడప్పా, వద్దు," అన్నాడు చివరికి. "కోర్టు ఆపిన వస్తువు. పైనుంచి అడిగితే నేనే జవాబు చెప్పాలి."

బావకు అది రిటైరయ్యే సంవత్సరం. ఏటా జరిగే క్లబ్బు పోటీ ముందుంది. తర్వాత క్వార్టర్సూ ఉండదు, మైదానమూ ఉండదు. "ఒక్కసారి మంచిగ ఆడి పోత," అని నెలల తరబడి అంటూ ఉన్నాడు. అందుకే నాకు ఉడుకెక్కింది.

"తాడే కద బావా. నేను తెంపుతా. నా దిక్కు ఖానూన్ ఉంది."

"ఖానూన్ నీ దిక్కే ఉండనీ. ట్యాగ్ ఆయనది."

"బంతులకు ట్యాగేంది? అదేమన్న బెల్టా?"

బావ కుడిచెయ్యి ఎత్తి, తిరిగినంతవరకు తిప్పి చూపించాడు. "గిట్లనే అనుకున్నడు వాడు గూడ."

తాడు సంగతి వదిలేశాను.

హైదరాబాదు నుంచి అదే పేరున్న బంతి తెప్పించాను. డబ్బా అదే, రాతలు అవే. బావ ఒక్కటి కొట్టి, చప్పుడు విని నా వైపు తిరిగాడు. "లైబ్రరీ సాబ్, ఇది అది కాదు." మళ్ళీ పోయి వెతికాను. కేసు తప్పించుకోవడానికి కంపెనీ పై తొడుగు మార్చిందట, పేరు మాత్రం ఉంచిందట. అంతంత దూరాన తగువు పడితే ఆడేవాడికి అందేది ఇదన్నమాట. చేతికి అలవాటైన వస్తువు, చెప్పకుండా, అదే పేరుతో ఇంకొకటవుతుంది.

పోటీ రోజు బావ క్లబ్బు పాత బంతులతోనే ఆడాడు. రెండో గుంత దాటాక మోచెయ్యి పట్టుకున్నాడు. నాలుగో గుంత దగ్గర కర్ర నాకిచ్చి, "చాలు పా," అన్నాడు. డాక్టరు కొంతదూరం మాతో నడిచి, మధ్యలో ఆగిపోయాడు.

తర్వాత సెక్రటరీకి ఇంకో ప్లాంటుకు బదిలీ అయింది. ట్యాగ్ సంగతి నేను ఫోను చేసి అడిగితే, "అయ్యో, ఇంకా ఉందా? తీసేయండి," అన్నాడు. బావకు చెబితే తల అడ్డంగా ఊపాడు. ఫోను మాట మీద ట్యాగ్ విప్పరట.

క్వార్టర్సు ఖాళీ చేసిన రోజు కర్ర తెచ్చుకోవడానికి క్లబ్బుకు పోయాం. బీరువా తెరిస్తే ట్యాగ్ వెలిసి గులాబీరంగుకు దిగింది. నా జేబులో వైరు కత్తెర ఉంది. చెయ్యి జేబులోకి పోవడం బావ చూశాడు. బీరువా తలుపు మెల్లగా మూశాడు.

ఇప్పుడాయన సాయంత్రాలు మా వైండింగ్ దుకాణంలో కూర్చుంటాడు. మోచెయ్యి నొప్పి పోయింది. మణికట్టు మాత్రం మునుపటికంటే బిగిసింది, టీ గ్లాసు ఎడమచేత్తోనే పట్టుకుంటాడు. ఆ కంపెనీలు రాజీపడ్డాయన్న వార్త దొరికిన రోజు పరుగున వచ్చి చెప్పాను.

"మంచిదే," అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి, "మరి మన ట్యాగ్ విప్పెతందుకు ఎవరొస్తరు?" అని అడిగాడు.