ఎర్ర పొర దగ్గర ఆగిన చింతపండు

విజయనగరంలో మా మేనమామ జనపనార కొట్టు వసారాలో ఆ ఉదయం ఉన్నవారు: మావ, అత్త, నేను. ఉన్న వస్తువులు: అరచేతి వెడల్పు రాగి రేకులు నాలుగు, సీసపు రేకులు నాలుగు, అభ్రకం బిళ్ళలు, ట్రాన్స్‌ఫార్మర్, అమ్మీటరు, టార్చి సెల్లు, ఛార్జి అయిపోయిన లారీ బ్యాటరీ.

ఊళ్ళో కరెంటు అటూ ఇటూ దిక్కు మార్చుకునే రకం. బ్యాటరీకి ఒకే దిక్కున పోయేది కావాలి. ఆ కరెంటుతోనే నేను బ్యాటరీ ఛార్జి చెయ్యగలిగితే, ఛార్జింగు కొట్టు పెట్టుకోవడానికి వసారా ఇస్తానన్నాడు మావ. లేకపోతే నార తూకం దగ్గర కూర్చోవాలి.

రాగి కరెంటును ఏ దిక్కుకైనా పోనిస్తుంది. అభ్రకం ఏ దిక్కుకీ పోనివ్వదు. రాగిని కొలిమిలో బాగా కాలిస్తే పైన నల్ల పొర, దాని కింద ఎర్ర పొర కడతాయి. ఆ ఎరుపు అర్ధవాహకం. రాగిని అంటుకుని ఉన్నంతకాలం అది కరెంటును ఒక దిక్కుకు పోనిచ్చి, రెండో దిక్కుకు దాదాపు ఆపేస్తుంది.

ముందురోజు కంచరి కొలిమిలో కాల్పించి తెచ్చిన రేకులు పెరట్లో పెట్టాను. తెల్లారి చూస్తే బిందెల పక్కన తళతళలాడుతున్నాయి.

"ఏటత్తా ఇది?"

"మసి పట్టీసున్నాయిరా. సింతపండెట్టి తోమీనాను. రాగి నల్లగుంటే ఇంటికి మంచిదేటి?"

టార్చి సెల్లు ఎటు తిప్పి తగిలించినా అమ్మీటరు ముల్లు ఒకేలా లేచింది. ఎర్ర పొర కూడా పోయింది.

"తక్కెడ తుడిపించి ఉంచుతాన్లే అల్లుడూ" అన్నాడు మావ.

రేకులు మళ్ళీ కాల్పించాను. ఈసారి తిన్నగా అత్తకే ఇచ్చాను, ఎందుకంటే సీసం ఎరుపుకి ఆనాలంటే నలుపు పోవాలి, దానికి చింతపండు పులుపే చాలు.

"ఎరుపు అగుపడగానే ఆపీ అత్తా."

"సగం తోమి వదిలీమంటావేటి? పక్కింటోలు సూస్తే నా పరువేటవుతాది?"

"ఎరుపు పోతే నేను తూకం కాడ కూకోవాలి."

అత్త సణుగుతూనే తోమింది. ఎరుపు దగ్గర చెయ్యి ఆపింది. కడిగి ఆరబెట్టి, ఎర్ర పొరకి సీసపు రేకు నొక్కి, బోల్టు రేకులకి తగలకుండా అభ్రకం వేసి బిగించాను. సెల్లు ఒక వైపు తగిలిస్తే ముల్లు లేచింది. తిప్పి తగిలిస్తే దాదాపు కదల్లేదు.

ఊరి కరెంటు జోరు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్‌కీ లారీ బ్యాటరీకీ మధ్య నాలుగు రేకులూ వరుసగా కలిపి వదిలేశాను. కొన్నాళ్ళకి మావ బ్యాటరీ మీదికి వంగి చూశాడు.

"ఒరే, లోపల బుడగలొస్తన్నాయిరా."

"నిండిపోయింది మావా."

ఆయన నార మోపులు వసారాలోంచి తనే లోపలికి మోయించాడు.

ఆ నెలాఖరుకి వసారాలో ఛార్జింగుకి వచ్చిన బ్యాటరీలు: పదకొండు.