శుక్రవారం మూసుకోని గేటు

ములకలపల్లి వెళ్ళేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నాను. ఖమ్మం నుంచి నేరుగా బస్సు ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ బస్సు ఉన్నమాట నిజమే, మీరు వెళ్ళే రోజున మాత్రం ఉండదు. పాల్వంచ దాకా వెళ్ళి అక్కడ మారండి. గొడుగు పెట్టుకోండి. వెళ్ళేది నాలాగా గేటు బాగుచెయ్యడానికే అయితే, దానితోపాటు కొంచెం ఓర్పు కూడా పట్టుకెళ్ళండి. నా దగ్గర అది ఎప్పుడూ తక్కువే.

మా తమ్ముడూ నేనూ ఖమ్మంలో ఆటోమేటిక్ గేట్ల పని మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు. వాడు వెళ్ళి బిగిస్తాడు. డిగ్రీలో చదివిన ఫిజిక్సు ఎందుకూ పనికిరాలేదని పాతికేళ్ళు దెప్పించుకున్న నేను, కాగితాలూ ఫోన్లూ చూస్తాను. చేతిలో బొత్తాం నొక్కితే రెండు రెక్కలూ తెరుచుకుంటాయి, అర నిమిషం ఆగి వాటంతటవే మూసుకుంటాయి. అంత బరువున్న ఇనుప రెక్క దానంతటదే మూసుకోవడం మాటలు కాదు గనుక, రెండు స్తంభాలకూ మోకాలి ఎత్తులో ఎదురెదురుగా రెండు కళ్ళు బిగిస్తాం. ఒక కన్ను కంటికి కనబడని వెలుగు పంపుతుంది, రెండోది దాన్ని అందుకుంటుంది. మధ్యలో మనిషో మేకో అడ్డం వస్తే వెలుగు తెగి, గేటు మూసుకోవడం మానేస్తుంది. గేటు మొత్తంలో నాకు ముఖ్యమైన భాగం అదే. కొనేవాళ్ళకు ముఖ్యమైనది మాత్రం బొత్తాం.

బుధవారం పొద్దున వెంకట్రావుగారు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ములకలపల్లి అవతల అడవి అంచున మామిడి, పామాయిల్ తోటలు వేసిన పెద్ద రైతు. రెండు నెలల కిందట ఆయన ఇంటికి గేటు బిగించాం.

"మీ గేటు ప్రతి శుక్రవారం చెడిపోతోందండీ."

"గేటుకు వారాలు తెలుస్తాయా అండీ?"

"గేటుకి తెలీదు, మా వాచ్‌మన్‌కి తెలుసు. శుక్రవారం ఇక్కడ సంత. వాడు తాగొచ్చి గేటు కరెంటు డబ్బాలో వేలు పెడతాడు. మొన్న శనివారం వాడికే తగిలింది, కుంటుతున్నాడు. మీరొచ్చి చూసి, ఇది వాచ్‌మన్ నిర్వాకమేనని ఓ కాగితం రాసివ్వండి. ఈ శనివారం పనిలోంచి పంపించేస్తాను. మా ఆవిడ వాణ్ణి వెనకేసుకొస్తోంది, కాగితం చూస్తే ఊరుకుంటుంది."

చూడకముందే ఏం రాయాలో కూడా చెప్పేసిన మనిషిని అంతకుముందు చూడలేదు. తమ్ముడికి నడుం పట్టేసి మంచం దిగడం లేదు. కాబట్టి నేనే బయల్దేరాను, తోడుగా ఖాజా. ఖమ్మంలో తండ్రి నాటి నుంచి వెల్డింగు పని చేస్తున్న మనిషి, నాకంటే రెండేళ్ళు పెద్ద. మా గేట్లన్నీ అతని చేతివే.

గురువారం ఖమ్మంలో ఆరూ పది బస్సెక్కాం. అంటే ఆరుంబావుకు ఎక్కి, ఏడింటి దాకా బస్సులో కూర్చున్నాం. కండక్టరు టీ తాగుతున్నాడని డ్రైవరూ, డ్రైవరు టీ తాగుతున్నాడని కండక్టరూ చెప్పారు. తల్లాడలో మిర్చి బస్తాల మధ్య నుంచి ఒక రైతు ఎక్కి, ఖాజా ఒళ్ళో ఉన్న మోటారు కడ్డీని చాలాసేపు చూశాడు.

"ఏంది భాయ్ గది? బోరుదా?"

"గేటుది. గేటు తీసే మిషన్."

"గేటు తీయనీకి మిషనా? ఆ ఇంట్ల ఎవ్వలికి చేతుల్లేవా?"

బస్సులో సగం మంది నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "మీ బాయిల నీళ్ళు మోటరుతోని తోడుతలేవా? నీకు చేతుల్లేవా?" అన్నాను. "నీళ్ళు బరువమ్మా," అన్నాడు తాపీగా. జవాబు వెతుక్కుంటుండగానే అతను ఏన్కూరులో దిగిపోయాడు. ఇప్పటికీ దొరకలేదు.

తొమ్మిదిన్నరకు కొత్తగూడెం. బస్టాండులో ఇడ్లీ తినవద్దు, బయట రోడ్డు మీద బండి దగ్గర తినండి. పదిన్నరకు పాల్వంచ. అక్కడ జీపు నిండేదాకా గంటా పావు ఎండలో నిలబడ్డాం. ఇంక నిండింది అనుకున్న తరువాత మరో ఆరుగుర్ని ఎక్కించారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు అడవి పల్లెలవాళ్ళు. నా బూట్లు చూసి వాళ్ళ భాషలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఏమన్నారని అడిగాను. "మగోళ్ళ చెప్పులేసుకొచ్చినవ్, నీ మొగడేమేసుకున్నడూ అన్నది," అని రెండో ఆవిడ తెలుగులో చెప్పింది. కరెంటు పనికి రబ్బరు అడుగు బూట్లు ఎందుకు కావాలో జీపు దిగేదాకా వివరించాను. వాళ్ళు విన్నారో లేదో గాని, దిగేటప్పుడు నా సంచీ అందించారు. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు. చూడ్డానికి బాగుంటుంది, కాని ఆ జీపులో తల తిప్పే వీలుంటే కదా.

పన్నెండున్నరకు గేటు ముందు దిగాం. వాచ్‌మన్ సమ్మయ్య ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎడమ కాలు ఈడుస్తున్నాడు.

"ఎట్ల తగిలింది సమ్మయ్యా?"

"సైకిల్ నడిపిచ్చుకుంట లోపలికొస్తున్ననమ్మా. మనిషి నడుమల ఉంటె ఆగుతదన్నరు గదా మీ తమ్ముడుగారు. ఆగలే. తొడ మీద గుద్దింది."

"తాగి ఉన్నవా?"

"శుక్రారం తాగుత, అబద్ధమెందుకు. తగిలింది శనారం. గేటు డబ్బా జోలికి నేనెన్నడు పోలే. తాళంచెవి గూడ సారు గుంజుకున్నడు."

ఆ తాళంచెవి చిన్న సంగతి కాదు. కరెంటు పోయినప్పుడు మోటారును విడదీసి గేటును చేత్తో తెరిచేది దానితోనే. రోజుకు ఆరుసార్లు కరెంటు పోయే చోట, అది లేని వాచ్‌మన్ బయటివాడి లెక్కే. గేటు పక్క గదిలోనే సమ్మయ్య, అతని భార్య ఎనిమిదేళ్ళుగా ఉంటున్నారు. ఉద్యోగం పోతే ఆ గది కూడా పోతుంది.

వెంకట్రావుగారు కూడా వచ్చాక డబ్బా తెరిచాం. కళ్ళ నుంచి వచ్చే రెండు తీగలు ఊడదీసి, వాటి చోట ఒక వైరు ముక్కను మెలేసి బిగించి ఉంది. అంటే కళ్ళు ఉన్నా లేనట్టే. ఎదురుగా ఏనుగు నిలబడినా గేటుకు తెలియదు.

"ఇదెవరు చేశారండీ?"

"పాల్వంచ టీవీ మెకానిక్కండీ," అన్నారు వెంకట్రావుగారు ఘనంగా. "పోయిన శుక్రవారం మూసుకోకపోతే పిలిపించాను. అయిదు నిమిషాల్లో బాగుచేశాడు."

"బాగుచెయ్యలేదు, కళ్ళు పీకేశాడు. సమ్మయ్య కాలికి తగిలింది అందుకే."

"సరే, అది వాడి తప్పు కాదనుకోండి. మరి అంతకుముందు ఆరు శుక్రవారాలు మూసుకోలేదే, అదెవరి తప్పు?"

అది తేలాలంటే ముందు కళ్ళు పనిచెయ్యాలి. మధ్యాహ్నమంతా ఖాజా, నేనూ పని చేశాం. తీగలు మళ్ళీ కలిపాం. కళ్ళు రెండూ ఒకదాన్నొకటి సూటిగా చూసేలా సర్దాం. సరిగ్గా చూసుకుంటే లోపల చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. రెక్క నెట్టే బలం తగ్గించాం. మూసుకునే గేటుకు గొడుగు అడ్డం పెట్టాను, వెదురు బుట్ట పెట్టాను, చివరికి నేనే నిలబడ్డాను. ప్రతిసారీ ఆగి, మర్యాదగా వెనక్కి తెరుచుకుంది. ఇరవైసార్లు చేసి, వెంకట్రావుగారిని పిలిచి చూపించాను.

"అద్భుతం," అన్నారాయన. "అంటే మిషన్లో లోపం లేదు. రాసివ్వండి మరి."

నా పనితనం చూపించబోయి సమ్మయ్య మెడకు ఉరి బిగించినట్టయింది. "శుక్రవారం చూడందే రాయను," అన్నాను. "రేపేగా, ఉండండి," అన్నారు. ఇంకెక్కడికి పోతాను, సాయంత్రం నాలుగు దాటితే జీపులు లేవు. మేడ మీద గది ఇచ్చారు. ఆయన భార్య సుగుణమ్మ గోంగూర పప్పు, వడియాలు పెట్టింది. మంచి మనిషి. "సమ్మయ్య అలాంటివాడు కాదక్కయ్యగారూ, ఎలాగైనా నిలబెట్టండి," అని చెవిలో చెప్పింది.

శుక్రవారం ఆరింటికే, వాడు లేకపోతే గేటు ఎంత బాగుంటుందో చూడమంటూ వెంకట్రావుగారు సమ్మయ్యను పాల్వంచకు ఎరువుల కోసం పంపించేశారు. ఏడున్నరకు ట్రాక్టరు బయటికి వెళ్ళింది. గేటు తెరుచుకుంది. అర నిమిషమైంది, నిమిషమైంది, పది నిమిషాలైంది. మూసుకోలేదు.

మీటరు పట్టుకుని డబ్బా ముందు కూర్చున్నాను. ఫ్యూజులు చూశాను, ప్రతి తీగా గీరి చూశాను, వోల్టేజీ రాసుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, గంటా పది నిమిషాలు శాస్త్రీయంగా వెతికాను. వెంకట్రావుగారు కుర్చీ వేయించుకుని మరీ చూశారు. టిఫిన్ చేసి తీరిగ్గా వచ్చిన ఖాజా స్తంభం దగ్గర గొంతుక్కూర్చుని అడిగాడు:

"మేడమ్, దీని కండ్లల్ల బొట్టెవరు పెట్టిన్రు?"

వెళ్ళి చూశాను. స్తంభానికి పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. సరిగ్గా కన్ను మీద, దళసరిగా పసుపు పూసి, మధ్యలో గుండ్రంగా బొట్టు. అవతలి కన్నుకూ అలాగే. పొద్దుటి నుంచి ఆ స్తంభం ముందు నుంచి పదిసార్లు తిరిగాను. శుక్రవారం పూట గుమ్మం పచ్చగా ఉండడం నా కంటికి ఎంత మామూలంటే, అది అక్కడ ఉందనే తోచలేదు.

సుగుణమ్మను పిలిచాను.

"నేనే పెట్టాను," అంది. "శుక్రవారం గడపకి పెట్టకుండా ఎలాగక్కయ్యగారూ? అటొకటి, ఇటొకటి, గుండ్రంగా, నల్లగా, సరిగ్గా బొట్టంత. అది బొట్టు కోసమే వదిలారనుకున్నాను. ఎంత తెలిసినవాళ్ళో అని మిమ్మల్ని మెచ్చుకున్నాను కూడా."

"మరి శనివారానికి ఎలా బాగవుతోంది?"

"సమ్మయ్య కారు కడిగినప్పుడు స్తంభాలూ కడుగుతాడుగా."

చెడగొట్టాడని నింద పడ్డ మనిషే వారం వారం బాగుచేస్తున్నాడన్నమాట, తనకు తెలియకుండానే. వెంకట్రావుగారు కుర్చీలోంచి లేచారు. "అయితే నువ్వా?" అని భార్య మీద అరవబోయారు.

"ఆవిడ కాదండీ, మేం," అన్నాను. ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. గేటు బిగించిన రోజు మా తమ్ముడు మీటింగు పెట్టినట్టు అన్నీ వివరించాడు, ఆయనకూ, డ్రైవరుకూ, సమ్మయ్యకూ. గుమ్మం రోజూ కడిగేదెవరు, ముగ్గు వేసేదెవరు, పసుపు రాసేదెవరు? ఆవిడకు ఒక్క ముక్క చెప్పలేదు. నేను అక్కడ ఉండి ఉంటే చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్ని కాదు. ఫోటో దిగేటప్పుడు మాత్రం ఆవిడను గేటు పక్కన నిలబెట్టాడు.

ఇక కన్ను తుడిచేసి, ఇక్కడ పెట్టొద్దంటే సుగుణమ్మ ఒప్పుకోదు. మొదలుపెట్టింది మానితే అరిష్టమట. అరగంట వాదించుకున్నాం. ఆవిడ మెత్తగా ఉంటుందిగాని ఒక్క అంగుళం జరగదు. చివరికి విసుగెత్తి, "ఎవరికైనా బొట్టు నుదుట పెడతారుగాని కంట్లో పెడతారా తల్లీ!" అన్నాను.

ఆవిడ ఆగింది. స్తంభం వంక చూసింది. "దీనికి నుదురేది మరి?" అంది.

ఖాజా సంచీలోంచి ఇత్తడి రేకు తీశాడు. అరచేతిలో సగం ఉండే రెండు బిళ్ళలు కోసి, కళ్ళకు జానెడు పైన బిగించాడు. కళ్ళ మీదికి పసుపునీళ్ళు కారకుండా పైపు ముక్క కోసి రెప్పల్లా పెట్టాడు. సుగుణమ్మ వెంటనే కొత్త నుదుట బొట్టు పెట్టింది. గేటు మూసుకుంది. గొడుగు అడ్డం పెడితే తెరుచుకుంది.

పదకొండింటికి ఎరువుల బస్తాలతో సమ్మయ్య వచ్చాడు. అప్పటికి కాగితం రాసేశాను. కారణం అన్న చోట "కంట్లో కుంకుమ" అనీ, దాని కింద "వాచ్‌మన్ ఇంట్లో లేని సమయంలో జరిగినది" అనీ రాసి, వెంకట్రావుగారి చేత సంతకం పెట్టించాను. ఆయన పెన్ను కోసం రెండు జేబులూ చాలాసేపు వెతికారు. నా పెన్ను ఇచ్చాను.

"ఇప్పుడు సమ్మయ్యకు ఆ మాట చెప్పండి," అన్నాను.

"ఏం చెప్పాలండీ? ఉండమనండి."

"ఉండమనడం కాదు. తప్పు నీది కాదని చెప్పండి."

ఆయన ట్రాక్టరు వచ్చిందా అంటూ అటు వెళ్ళిపోయారు. వెంటపడబోయాను. ఈలోగా సుగుణమ్మ లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి, సమ్మయ్య చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు. ఆయన అడిగినా ఇవ్వకు. నన్నడగమను."

సమ్మయ్య దాన్ని మొలతాడుకు కట్టుకున్నాడు. ముడి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. "అవ్ అమ్మా," అన్నాడు, అంతే.

ఒంటిగంటకు జీపు, రెండున్నరకు పాల్వంచ, మూడింటికి ఖమ్మం బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది, కిటికీ మాత్రం మూసుకోదు. ఆ పెద్దమనిషి నోటితో ఒక్క మాట అనిపించకుండా వచ్చినందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

"తాళంచెవి ఇచ్చిన్రు గదా మేడమ్," అన్నాడు ఖాజా.

"ఆయన ఇయ్యలే. ఆమె ఇచ్చింది."

"ఆ ఇంట్ల ఆమె ఇస్తెనే ఇచ్చినట్టు. మీరు చూడలే?"

అది న్యాయం ఎలా అవుతుందని కొత్తగూడెం దాకా వాదించాను. ఏడు కారణాలు చెప్పాను. నాలుగోదాని దగ్గరే ఖాజా నిద్రపోయినట్టున్నాడు, గమనించలేదు. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు చెప్పేదేమంటే, అడవి బాగుంటుంది, రోడ్డు బాగుండదు, అన్నం బాగా పెడతారు. మా పనివాళ్ళ కోసం మాత్రం, బిగించే ముందు నింపాల్సిన ఫారంలో పైనే ఒక గడి చేర్చాలని బస్సులోనే రాసుకున్నాను: ఈ గుమ్మానికి పసుపు రాసేదెవరు? ఆవిడను పిలవండి. ఆవిడ వచ్చేదాకా డ్రిల్లు బయటికి తీయకండి.