ఫ్యూజులో పెట్టిన రాగి తీగ

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో కళ్ళారా చూసిన ఒక సంగతిని ఎన్నిసార్లు చెప్పబోయినా ఎవరూ చెవిన పెట్టలేదు. అప్పుడు చిన్నపిల్లాడివి అన్నారు. పెద్దయ్యాక, పాత గొడవలు ఇప్పుడెందుకన్నారు. నా జుట్టు నెరిసింది, ఇంకా మాట మార్చేస్తూనే ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మేము ముహర్రక్‌లో ఉండేవాళ్ళం. శుక్రవారం సెలవు కాబట్టి మా తెలుగు క్రైస్తవుల సహవాసం ప్రార్థనకు ఆ రోజే కూడేది. అందుకోసం ఒక పాత ఇంటి కింది భాగం అద్దెకు తీసుకున్నారు. మా మామయ్య, అంటే అమ్మకు తమ్ముడు, తుబ్లీలో మోటార్లకు వైండింగు చుట్టే షాపులో పనిచేసేవాడు. ఆరాధనలో డోలక్ ఆయనదే. డోలక్ పక్కన పెట్టాడంటే రాగి కబుర్లు మొదలు. వెండి తర్వాత కరెంటుకు ఇంత సులువుగా దారిచ్చే లోహం లేదట. వెంట్రుకంత సన్నగా సాగదీసినా తెగదట. కాస్త మలినం కలిసినా ఆ గుణం పడిపోతుందట, అందుకే మోటార్లలో చుట్టే తీగకూ, పెద్ద కరెంటు బోర్డుల వెనక పట్టీలకూ బాగా శుద్ధి చేసిన రాగే వాడతారట. "నీకు పిల్లనిస్తామని వచ్చినా ముందు రాగో ఇత్తడో గీకి చూస్తావురా," అని అమ్మ ఎగతాళి చేసేది.

పిల్లల క్లాసుకు అడ్డంగా తెర కట్టాల్సి వస్తే, మామయ్య షాపులో మిగిలిన లావుపాటి రాగి తీగ తెచ్చి కట్టాడు. తాడుతో అయిపోయే పనికి రాగి! అదీ ఆయన డాబు. కట్టగా మిగిలిన కొస ఒక పక్కన వేలాడుతుండేది.

ఎండాకాలం వచ్చింది. జనం నిండి, ఏసీలన్నీ వేసేసరికి ఫ్యూజు పోయేది. పాట మధ్యలో చీకటి, ఉక్కపోత, పసివాళ్ళ ఏడుపు. ఒక శుక్రవారం మా సంఘపెద్ద విసిగిపోయి తెర దగ్గరికి వచ్చి, ఆ వేలాడే కొసను కత్తిరించాడు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. "మీ మామయ్యే చెప్పాడుగా, రాగికి తిరుగులేదని! ఇక చూడు, జన్మలో పోదు," అని నవ్వి, దాన్ని తీసుకెళ్ళి ఫ్యూజులో బిగించాడు. నిజంగానే మళ్ళీ పోలేదు. అందరూ ఆయన్ను తెగ మెచ్చుకున్నారు.

కొన్ని వారాలకు, ప్రార్థన జరుగుతుండగా ఆడవాళ్ళు కూర్చునే వైపు గోడలోంచి పొగ వచ్చింది. ప్రాణాలు దక్కాయి గాని గోడంతా నల్లగా కాలింది. ఇంటి యజమాని వచ్చి చూసి "ఖలాస్" అన్నాడు. మా సామాను వీధిలో పడింది. అప్పుడు సంఘపెద్ద ఆ తీగ ముక్కను పైకెత్తి, "ఇది ఎవరి షాపు తీగో వేరే చెప్పాలా? రాగి రాగి అని ఊదరగొట్టింది ఎవరు?" అన్నాడు.

"నేను పెట్టలేదు బ్రదర్," అన్నాడు మామయ్య.

"మీరే కత్తిరించారు, నేను చూశాను!" అని నేను అరిచాను.

"పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో నీకేంట్రా? ఈ అబద్ధం కూడా మామయ్యే నేర్పాడా?"

ఆ సాయంత్రమే మామయ్య దగ్గర్నుంచి డోలక్ తీసేసుకున్నారు.

మర్నాడు మామయ్య నన్ను షాపుకు తీసుకెళ్ళాడు. ఒక కారు బ్యాటరీకి పాత సన్న వైరు తగిలించి, ఆ దారి మధ్యలో ఒకే ఒక్క రాగి పోగు బిగించాడు. స్విచ్ వేయగానే పోగు ఎర్రబడి టప్పున తెగింది. వైరును ముట్టుకోమన్నాడు. చల్లగానే ఉంది. తర్వాత పోగు స్థానంలో లావు తీగ పెట్టాడు. ఈసారి ఆ తీగ చెక్కుచెదరలేదు. వైరు మీది ప్లాస్టిక్ మాత్రం మెత్తబడి పొగ లేచింది. వెంటనే స్విచ్ ఆపేశాడు.

"రెండూ ఒకే రాగిరా అల్లుడూ. కరెంటు ఎక్కువైతే ముందు తెగిపోవడమే ఆ పోగు పని. అది తెగితేనే ఇల్లు మిగిలేది. లావుదానికి ఆపడం చేతకాదు, ఎంత పంపితే అంతా దాటించేస్తుంది. రాగి గొప్పని చెప్పిన పాపానికి ఇల్లు నేనే తగలబెట్టినట్టా?" అన్నాడు.

ఆ సహవాసంలో ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. మా ఇంటికి కూర పంపినవాళ్ళే, నాకు జ్వరమొస్తే వచ్చి కూర్చున్నవాళ్ళే. కానీ ఆ నింద ఏ అడ్డూ లేకుండా వాళ్ళందరి గుండా సాగిపోయింది. ముహర్రక్ నుంచి జుఫైర్‌కు, అక్కణ్ణుంచి కోనసీమలో ఉన్న మా అమ్మమ్మ చెవి దాకా. మధ్యలో ఏ ఒక్కరూ "ఆగండి, ఆ పిల్లాడు ఏదో చూశానంటున్నాడు" అనలేదు. అందుకే ఇప్పటికీ ఎవరి మీదైనా ఊరికే మాట పడుతుంటే నేను అడ్డం పడతాను. పెళ్ళిళ్ళలో, ఆఫీసులో, ఎక్కడైనా సరే. మొండివాడు, కలుపుగోలుతనం లేదంటారు. అననివ్వండి.

సంఘపెద్ద గారూ, మీరు ఇవాళ్టికీ సభల్లో ఆ పొగ సంగతి సాక్ష్యంగా చెబుతున్నారు. దేవుడు కాపాడాడంటారు. నేనూ ఒప్పుకుంటాను. "ఒకడి నిర్లక్ష్యం వల్ల" అని కూడా అంటారు. ఎవరా ఒకడు? నేను ఫోన్ చేస్తే పెట్టేశారు. ఎదురుపడితే వందనాలు చెప్పి తప్పుకున్నారు. మా మామయ్య ఇప్పుడు కోనసీమలో మా ఊళ్ళోనే ఉన్నాడు. చూపు తగ్గింది గాని చెవులు బాగానే వినిపిస్తున్నాయి. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆ తీగ కత్తిరించింది ఎవరు?