మార్పుల పాపయ్య

బెంగళూరు బళేపేటలో నాటకాలు రాసే పాపయ్య ఒక్క మాట మీద గంటసేపు నిలబడిన పాపాన పోలేదు. రాసింది కొట్టేసేవాడు, కొట్టేసింది మళ్లీ రాసేవాడు. అదీ నచ్చక కాగితం తలకిందులుగా తిప్పి ఇంకోటి మొదలుపెట్టేవాడు. ఎవరన్నా ఇదేంటని అడిగితే చెయ్యి గాల్లో ఊపి, "మార్చేసినానప్పా!" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనబడే తృప్తి, పెళ్లి భోజనం చేసి లేచినవాళ్ల మొహాల్లో కూడా కనబడదు.

కాటన్‌పేట హోటల్లో కూర్చుని ఇడ్లీ చెప్పేవాడు. సర్వరు నాలుగడుగులు వేసేసరికి, "అప్పా, మార్చేసినాను, దోశె!" అని కేక. దోశె పెనం మీద పడిందో లేదో, "వద్దులే, ఉప్పిట్టు." కొన్నాళ్లకు సర్వరు విసిగిపోయి, ఆయన కూర్చోగానే ఏమీ అడక్కుండా ఇడ్లీ, దోశె, ఉప్మా మూడూ తెచ్చి ముందర పెట్టడం మొదలుపెట్టాడు. పాపయ్య మూడింటినీ చూసి ఒక నిట్టూర్పు విడిచి, కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

పక్కింటి సొన్నప్ప చిక్కపేటలో పట్టుచీరెల అంగడి పెట్టి, బోర్డు మీద ఏం రాయాలో చెప్పమన్నాడు. పెయింటరు నిచ్చెనెక్కి "సొన్నప్ప ప" దాకా రాశాడు. కింద పాపయ్య "పట్టుచీరెలు వద్దు, మార్చేసినాను, పుట్టింటి చీరెలు" అన్నాడు. కాసేపటికి "పండగ చీరెలు" అన్నాడు. మూడోరోజు పెయింటరు నిచ్చెన దిగి, బ్రష్షు పాపయ్య చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి పోయాడు. ఆ అంగడిని ఊరంతా "సొన్నప్ప ప" అనే పిలిచేది. సొన్నప్ప ఆయనతో మాట్లాడడం మానేశాడు.

ఇలాంటి మనిషి చేతికింద టైపిస్టుగా పడింది రాచెల్.

రాచెల్‌ది బాపట్ల. తండ్రి మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. తెలుగు టైపు పరీక్ష ప్యాసై, అక్కా బావల దగ్గరికి బెంగళూరు వచ్చింది. ఆ ఊళ్లో తెలుగు టైపుతో పనేముంటుంది? రెండేళ్లు తిరిగి తిరిగి, ఎనభై నాలుగులో గాంధీనగర్‌లోని ఒక మేడమీది గదిలో పని సంపాదించింది. గది బయట "చెన్నరాయప్ప ఫిలింస్" అని ఉంది. లోపల ఒక తెలుగు టైపు మిషనూ, రెండు కుర్చీలూ, ఒక పాపయ్యా ఉన్నారు.

చెన్నరాయప్పకు వర్తూరులో ఇటుకల బట్టీ, రెండు టెంటు సినిమా హాళ్లు ఉన్నాయి. ఒకరోజు బ్రిగేడ్ రోడ్డులో ఏదో పనిమీద పోతూ, వీడియో ఆటల పెట్టె ముందర జనం ఒకరినొకరు తోసుకోవడం చూశాడు. "ఏమప్పా ఇది! ఒక బొమ్మ దూకతా ఉండాది, పడతా ఉండాది. దాన్ని నిలబడుకొని చూస్తా ఉండారు. దీన్నే సినిమా తీస్తే కూర్చోని చూడరా?" అన్నాడు. అలా సినిమా పుట్టింది.

కథ పాపయ్య రాశాడు. ఆటలో కుండయ్య అనే బొమ్మ. మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని మొసళ్ల వాగు దాటడం వాడి పని. పడతాడు, మళ్లీ మొదటి గట్టుమీద నిలబడతాడు. తయారుచేసినవాళ్లు వాడికి మూడే మాటలు నేర్పారు: "పోదాం పద", "అయ్యో పడ్డాను", "మళ్లీ మొదటికి". ఒకరోజు వాడు పడుతూ పడుతూ ఆగి, గాజుపలక అవతల ఆడుతున్నవాడి వైపు తిరిగి, "అయ్యా, నన్నిలా దూకించే బదులు మీ ఇంట్లో ఏ పనీ లేదా?" అని అడుగుతాడు. అప్పట్నించీ వాడు ఎవరి మాటా వినడు. టైపు చేస్తూ రాచెల్ నవ్వాపుకోలేక చేత్తో నోరు మూసుకుంది. ఇంత బాగా రాసే మనిషి దగ్గర పని దొరికిందని మురిసిపోయింది. ఆ మురిపెం వారంరోజులు కూడా నిలవలేదు.

బొమ్మసంద్రలో ఖాళీగా పడివున్న ఫ్యాక్టరీ షెడ్డులో షూటింగు మొదలైంది. కుండయ్య వేషం ఏలియాది. అరవై దాటిన నటుడు. ఒకప్పుడు పాపయ్య రాసిన నాటకాల్లో ఈయన అడుగుపెడితే చాలు, జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. ఇప్పుడు పిలిచేవాళ్లు తగ్గారు. ఆటబొమ్మలు చదరపు ముక్కలతో ఉంటాయని, ఆయన ఒంటినిండా రంగు అట్టపెట్టెలు తగిలించారు. దాంతో కూర్చోవడానికి లేదు. రెండు డ్రమ్ముల మధ్య పలక వేస్తే దానిమీద ఒరిగి నిలబడేవాడు.

పొద్దున రాచెల్ మూడు కార్బన్లు పెట్టి కొట్టిన డైలాగు మధ్యాహ్నానికి చెత్తబుట్టలో ఉండేది. కాగితంలో "నన్ను కిందికి తోసిందెవరు?" అని ఉంటే, కెమెరా ముందర ఏలియా "కింద ఎవరో ఉన్నారు, పలకరించి వస్తాను" అనేవాడు.

డైరెక్టరు "కట్! ఇది ఎక్కడుందయ్యా?" అని అరిచేవాడు.

మూలనుంచి పాపయ్య లేచేవాడు. "నేనే మార్చేసినానప్పా! ఏలియాకు చెప్పినాను, మీకు చెప్పేది మరిచినాను."

"ఏమ్మా, మార్పు టైపు చెయ్యవా? నిద్రపోతున్నావా?" అని తిట్లు వచ్చి రాచెల్ మీద పడేవి.

వేళ్లు వాచాయి. ఆదివారం గుడిలో మోకాళ్ల మీద పడి, ప్రభువా, ఆ మనిషి కలంలో సిరా ఎండిపోయేట్టు చెయ్యి అని వేడుకుంది. లాభం లేకపోయింది. పాపయ్య రాసేది పెన్సిలుతో.

ఒకసారి ముఖం మీదే అడిగేసింది. "మీరు ముందే ఆలోచించుకుని ఒక్కసారి రాయలేరాండీ?"

"రాయచ్చమ్మా. కానీ మార్చకుంటే నాకు అన్నం అరగదు."

"నాకు అన్నం తినడానికి వేళ్లే లేవండీ."

"స్పూను తెచ్చుకో," అన్నాడు పాపయ్య, మొహంలో ఏమాత్రం జాలి లేకుండా.

అసలు గొడవ పెద్ద సీను నాడు జరిగింది. కుండయ్య గాజుపలక దగ్గరికి వచ్చి, ఆడించేవాణ్ణి కడిగిపారేసే సీను. రెండు పేజీల డైలాగు. చెన్నరాయప్పకు అది ప్రాణం. టెంటు సినిమాల వాళ్లను పదిమందిని పిలుచుకొచ్చి కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు. "ఇప్పుడు చూడండప్పా, నా సినిమా!"

కెమెరా తిరిగింది. ఏలియా గట్టుమీద నిలబడి, "అయ్యా, అవతల నిలబడినవాడా!" అన్నాడు. ఆగాడు. లైట్ల వైపు చూశాడు. నెత్తిమీద కుండను తడుముకున్నాడు.

"ఇది ఏ ఊరండీ?" అన్నాడు.

కుర్చీల్లో వాళ్లు నవ్వారు. ఏలియా వాళ్ల వైపు తిరిగాడు.

"ఈ కుండ ఎవరిది? నేనెందుకు మోస్తున్నాను?"

మళ్లీ నవ్వు, ఈసారి కొంచెం తక్కువ. డైరెక్టరు నోరు తెరిచాడు. ఆలోపే కెమెరా వెనకనుంచి ఒక గొంతు వినబడింది. పాపయ్య జేబులోంచి కాగితం తీసి, మొహానికి అడ్డం పెట్టుకుని, ఆటపెట్టె మాట్లాడినట్టు గంభీరంగా చదువుతున్నాడు.

"కుండ నీదే నాయనా. చాలా దూరం మోసినావు. దించి పెట్టు."

ఏలియా ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. "దించొచ్చా?"

"దించచ్చు."

"ఎవరూ ఏమీ అనరు కదా?"

"అంటే నేను చూసుకుంటాను."

ఏలియా మెల్లగా వంగి, అట్టపెట్టెలు పటపటలాడుతుండగా, కుండను నేలమీద పెట్టాడు. పెట్టి, రెండు చేతులూ చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వాడు. షెడ్డులో ఎవరో చప్పట్లు కొట్టారు.

చెన్నరాయప్ప కొట్టలేదు. "నా రెండు పేజీలు ఎక్కడ?"

"మార్చేసినాను," అన్నాడు పాపయ్య.

"ఎవర్ని అడిగి మార్చినావు? ఇంతమంది ముందర నా మర్యాద తీసినావు కదయ్యా! ఒక్క మాట మీద నిలబడలేనోడు నా సినిమాకు వద్దు. పో!"

"తప్పు నాదే," అన్నాడు పాపయ్య. చేతిలో కాగితం రాచెల్‌కిచ్చి, "ఫైల్లో పెట్టమ్మా" అని బయటికి నడిచాడు.

రాచెల్ మడత విప్పింది. "పంచెలు నాలుగు, జుబ్బాలు మూడు, గౌరి చీరెలు రెండు, దుప్పటి ఒకటి." అది చాకలి పద్దు.

వెనక్కి తిప్పి చూసింది, అక్కడా డైలాగు లేదు. తర్వాత ఫైలు తెరిచి పేజీలు తిరగేసింది. ఏలియా ఉన్న ప్రతి సీనూ కొట్టివేతలతో కుళ్లబొడిచినట్టుంది. ఏలియా లేని సీన్లలో ఒక్క కామా కూడా మారలేదు.

హోసూరు రోడ్డు బస్‌స్టాపు దగ్గర పాపయ్యను పట్టుకుంది. రొప్పుతూ కాగితం చాచింది. "పాపయ్యగారూ, ఇది చాకలి చీటీ."

"అయ్యో, ఇది పోయింటే నా పెండ్లాం గౌరి నన్ను చంపేస్తా ఉండె," అని లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

"ఏలియాగారికి గుర్తుండట్లేదు. అవునా?"

పాపయ్య బస్సు వచ్చే వైపే చూశాడు. "నీకు పనుండాది కదా, పోమ్మా."

"అవునా కాదా?"

"డెబ్బై ఎనిమిదిలో," అన్నాడు చివరికి. "కోలారులో నాటకం. నడిమధ్యలో నిలిచిపోయినాడు. జనం ఊళ వేసినారు. ఒకడు చెప్పు విసిరినాడు. వాడు రెండు దినాలు ఎవురితోనూ మాట్లాడలా. మూడో దినం వచ్చి, పాపయ్యా, నువ్వేమన్నా డైలాగు మార్చినావా అని అడిగినాడు. నేనేం చెప్పల్ల? మార్చినానప్పా, నీకు చెప్పేది మరిచినాను అన్నాను. వాని మొగంలోకి రక్తం వచ్చె. నన్ను నోటికొచ్చినట్టు తిట్టినాడు. అంతే. అప్పట్నించి మారస్తానే ఉండాను."

"ఆయనకు తెలీదా?"

"తెలిస్తే నిలబడతాడా?"

రాచెల్‌కు కోపం వచ్చింది. ఎవరిమీదో ఆమెకే తెలీదు. "మరి హోటల్లో? ఆ ఇడ్లీ, దోశె? ఆ బోర్డు?"

పాపయ్య మొదటిసారి నవ్వాడు. "డైలాగొకటే మారిస్తే అనుమానం వస్తాది. ఇడ్లీ గూడా మార్చేవాడు ఉత్త పిచ్చోడు. పిచ్చోణ్ణి ఎవురూ పరీక్ష చెయ్యరు." జేబులో చీటీ సర్దుకుని, "నాకు ఇడ్లీ అంటే ప్రాణం రాచెలమ్మా. నెమ్మదిగా తిని ఆరేండ్లయింది," అన్నాడు.

"నేను చెన్నరాయప్పగారికి చెప్పేస్తాను."

"చెప్పు. నా పని నాకొస్తాది. వానిది పోతాది. బాగా ఆలోచన చేసుకోని చెప్పు." బస్సు వచ్చింది. ఎక్కి పోయాడు.

రాచెల్ చెప్పలేదు. ఇంకా పదకొండు రోజుల షూటింగు మిగిలివుంది. మర్నాడు ఏలియా మొదటి మాటకే దారి తప్పాడు. డైరెక్టరు "కట్" అనగానే రాచెల్ లేచి నిలబడింది. "సారీ సార్, టైపులో తప్పు. ఆయన కరెక్టుగానే చెప్పారు." పదకొండు రోజులూ అదే మాట. షూటింగు ముగిసేసరికి గాంధీనగర్‌లో ఆమెకు తప్పుల రాచెల్ అని పేరొచ్చింది. ఆ తర్వాత ఏ సినిమా కంపెనీ ఆమెను గడప తొక్కనివ్వలేదు.

సినిమా టెంటుల్లో బాగానే ఆడింది. కుండ దించే సీనుకు జనం ఈలలు వేశారు, కొంతమంది కళ్లు తుడుచుకున్నారు. తెరమీద "మాటలు: చెన్నరాయప్ప" అని పడింది. చెన్నరాయప్ప తెలుగులో సంతకం తప్ప ఇంకేమీ రాసి ఎరగడు. పాపయ్యకు మళ్లీ ఎవరూ రాసే పని ఇవ్వలేదు. పంచాంగాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరాడు. అక్కడ ఒక్క అక్షరం అటూ ఇటూ కదిపినా ఊరుకోరు.

ఎనభై ఆరులో కార్పొరేషన్ దగ్గర హాల్లో ఏలియాకు సన్మానం చేశారు. సాయంత్రం నాలుగింటికి. పాపయ్య, రాచెల్ చివరి వరసలో కూర్చున్నారు. చెన్నరాయప్ప శాలువా కప్పాడు. కుండ దించే సీనులో మాటలు సొంతంగా చెప్పిన మహానటుడని పొగిడాడు. ఏలియా మైకు అందుకున్నాడు.

"ఆ సినిమాలో నాకు రెండు శనులు పట్టాయండీ," అన్నాడు. "ఒకడు మా పాపయ్య. స్నేహితుడే, కాదనను. కానీ మార్చి మార్చి నన్ను చంపాడు. ఇంకోటి ఒక టైపు పిల్ల. దానికి అక్షరాలే రావు. వాళ్లిద్దరూ లేకపోతే నేను ఇంకెంత బాగా చేసేవాణ్ణో!"

హాలు గొల్లుమంది. రాచెల్ కుర్చీలోంచి లేవబోయింది. పాపయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. "చూడు, తప్పు లేకుండా ఎంత చక్కగా మాట్లాడినాడో!" అన్నాడు.

సభ అయిపోయింది. శాలువా ఇచ్చినవాళ్లు కార్లెక్కి పోయారు. ఏలియా మెడలో దండతో గేటు దగ్గర ఒక్కడే నిలబడి, వచ్చే బస్సులనూ పోయే బస్సులనూ చూస్తున్నాడు. ఆయన ఇల్లు శివాజీనగర్ అవతల. పాపయ్య దగ్గరికి వెళ్లాడు.

"ఏలియా, నాకు ఈ పక్క దోవ తెలీదప్పా. కొంచెం నీతో పిలుచుకొని పో."

ఏలియా మొహం వెలిగింది. "ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి దారి తెలీదా? నీలాంటివాణ్ణి పెట్టుకుని నేను నాటకాలాడాను! రా, నా వెంట రా." రాచెల్‌ను చూసి, "నువ్వెవరమ్మా? నువ్వూ తప్పిపోయావా?" అన్నాడు.

"అవునండీ," అంది రాచెల్.

ఏలియా శివాజీనగర్‌కు సరిగ్గా ఎదురుదిక్కున జె.సి. రోడ్డు పట్టుకున్నాడు. మోటారు సామాన్ల అంగళ్ల ముందర, దండ ఊపుకుంటూ, పాత నాటకంలో పాటేదో కూనిరాగం తీస్తూ నడిచాడు. వెనక పాపయ్య, ఆ వెనక చెప్పు తెగిన రాచెల్. మినర్వా సర్కిలు దాటారు. లాల్‌బాగ్ గోడ కూడా వచ్చేసింది.

"ఇంకెంత దూరం పోదామండీ?" అని రాచెల్ గొంతు తగ్గించి అడిగింది.

"ఆయప్పకు కాళ్లు నొచ్చేదాకా," అన్నాడు పాపయ్య. "అప్పుడు వాని ఇంటికి ఆటో పిలుద్దాము. వాడే పిలిచినట్టు."